మైత్రీ డైరీలో ముప్పై ఒకటో పేజీ

కథ ఒక డైరీ దగ్గర ఆగింది. ఈ వారమే మొదలుపెట్టిన పాఠకుల కోసం అక్కడిదాకా జరిగింది నాలుగు మాటల్లో.

తూర్పు జర్మనీ, సాక్సనీ కొండల్లో ఫాల్కెన్‌బాఖ్ ఊరి పరదాల మిల్లు. అందులో రఫ్ఫు హాలు. మరమగ్గం వదిలేసిన కన్నాలను, తెగిన పోగులను సూదితో సరిచేసే ఆడవాళ్ళు పదహారు మంది. వాళ్ళ జట్టుకు 'సోవియట్ మైత్రీ జట్టు' అనే బిరుదు. బిరుదు నిలవాలంటే జట్టులో నూటికి నూరు మంది మైత్రీ సంఘం సభ్యులై ఉండాలి. ఏడాదికి ఏడు మైత్రీ కార్యక్రమాలు చెయ్యాలి. చేసినవన్నీ జట్టు డైరీలో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించి, జిల్లాకు పంపాలి. మేలైన డైరీకి అక్కడ ఏటా మొదటి బహుమతి ఇస్తారు. పద్నాలుగేళ్ళుగా ఆ డైరీ రాస్తున్నది గుద్రున్ వైస్‌బాఖ్.

సంఘం పుణ్యమా అని గుద్రున్‌కు ఒక స్నేహితురాలు దొరికింది. వెయ్యి మైళ్ళ అవతల రష్యాలోని ఇవానొవో ఊళ్ళో నేతపని చేసే జినాయిదా పావ్లోవ్నా. పంతొమ్మిది వందల అరవై రెండులో సంఘం జాబితాలోంచి ఇచ్చిన చిరునామా అది. ఇరవై ఆరేళ్ళుగా ఉత్తరాలు నడుస్తున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వచ్చే ఏప్రిల్‌లో సంఘం సోవియట్ దేశానికి నడిపే మైత్రీ రైల్లో గుద్రున్‌కు సీటు దొరికింది.

నవంబరులో జినాయిదా పార్సిల్ పంపింది. లోపల ఉన్ని శాలువా. శాలువాకు చుట్టిన కాగితం ఒక సోవియట్ మాసపత్రిక, రష్యన్‌లో. ఆ పత్రిక జర్మన్ ప్రతిని సరిగ్గా అదే నెలలో తూర్పు జర్మనీ పోస్టాఫీసు పంపిణీలోంచి తీసేశారు. గుద్రున్ టిఫిన్ విరామాల్లో ఆ పత్రికను జర్మన్‌లోకి మార్చుకుంటూ హాలులో చదివి వినిపించింది. ఎనిమిది రోజులు పట్టింది. అయ్యాక, అలవాటు కొద్దీ డైరీ తీసి రాసింది: "మైత్రీ కార్యక్రమం, నంబరు ఏడు. సోవియట్ పత్రిక సామూహిక పఠనం. హాజరు: పదహారు." జిల్లాకు పంపింది.

డిసెంబరు ఇరవై, మంగళవారం ఉదయం తొమ్మిదింటికి, సంఘం జిల్లా కార్యదర్శి లోతార్ పోనిట్స్ మిల్లు గేటు దగ్గర కారు దిగాడు. చంకలో ఆ డైరీ ఉంది.

*

టిఫిన్ గంట కొట్టి రెండు నిమిషాలయింది. హాలు చివర పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. రొట్టె ముక్కలు, ఊరబెట్టిన దోసకాయలు, ఒక పళ్ళెంలో క్యూబా కమలాలు. క్రిస్మస్ దగ్గరపడింది కాబట్టి కమలాలు వచ్చాయి.

"క్యూబాతో మన స్నేహం గట్టిది," ఇలోనా గోటితో తొక్క వలవలేక కత్తి అడిగింది. "ఎంత గట్టిదో దీన్ని వలిస్తే తెలుస్తుంది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. గుద్రున్ ముందు చూసింది పోనిట్స్ బూట్లను. మంచు దులపకుండా వచ్చాడు. నేల మీద పరదా బట్ట పరిచి ఉండే హాలు అది. అతని వెనకే మేస్త్రీ హైన్స్ కూనెర్ట్ వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి.

"కూర్చో లోతార్," అంది గుద్రున్. "కాఫీ పొయ్యనా?"

"వద్దు ఫ్రౌ వైస్‌బాఖ్. మీతో మాట్లాడాలి."

కెటిల్ ఆమె చేతిలో ఆగింది. పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటారు; ఇవాళ ఫ్రౌ అని, మీరు అని మర్యాద. ఆమె భర్త పోయినప్పుడు శవపేటిక మోసిన ఆరుగురిలో ఇతనూ ఒకడు. ఆమె కెటిల్ కింద పెట్టింది.

"మాట్లాడండి," అంది.

"ఇక్కడ కాదు. మేస్త్రీ గదిలో."

"జట్టు డైరీ విషయాలు జట్టు ముందే మాట్లాడాలని నియమావళిలో ఉంది కదా," ఇలోనా అంది. నోట్లో రొట్టె ఇంకా నములుతూనే ఉంది. "ఆ పుస్తకం మీ ఆఫీసే ఇచ్చింది."

"మీరెవరు?"

"పదహారో సంతకం."

బల్ల ఆ చివర ఎర్నా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య పనిచేసి వచ్చిన మనిషి, సగం చెవులు అక్కడే వదిలేసింది. "ఎవరే అది? ఏమంటాడు?"

"జిల్లా నుంచి, ఎర్నా!"

"మొదటి బహుమతి తెచ్చాడా?"

పోనిట్స్ చెవులు ఎర్రబడ్డాయి. బయట చలి అనుకుంది గుద్రున్.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాత డైరీ బల్ల మీద పెట్టాడు. సంచిలోంచి ఇంకో డైరీ తీసి దాని పక్కన పెట్టాడు. అదే ఎర్ర అట్ట, అదే కొలత. లోపల పేజీల మీద జిల్లా ముద్ర వేసే ఉంది. రాత మాత్రం లేదు.

"పాతదాన్ని ఇందులోకి ఎత్తి రాయాలి. మీ చేత్తోనే. ఫోటోలు ఊడదీసి అంటించండి. మొదటి ముప్పై పేజీలూ ఉన్నవి ఉన్నట్టు. ముప్పై ఒకటిలో మాత్రం పఠనం బదులు ఒక సోవియట్ సినిమా చూశామని రాయండి. సినిమా పేరు నేనిస్తాను. అందరూ మళ్ళీ సంతకాలు పెట్టాలి. శుక్రవారానికి నాకు కావాలి."

"మేము సినిమాకు వెళ్ళలేదు," అంది గుద్రున్.

"అది నాకూ తెలుసు."

"పఠనంలో తప్పేముంది?"

"ఫ్రౌ వైస్‌బాఖ్, మీకు యాభై ఒక్క ఏళ్ళు. తెలియనట్టు మాట్లాడకండి."

"ఆ పత్రికను నిషేధించారా?"

"నిషేధం అని ఎవరూ అనలేదు. పంపిణీ జాబితాలో లేదు. అంతే."

"మాకు పోస్టాఫీసు పంచలేదుగా. శాలువాతో వచ్చింది."

బల్ల చుట్టూ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"జాబితాలో లేనిదాన్ని గుంపుగా కూర్చుని వినడం..."

"మా అత్తగారు ఏ జాబితాలోనూ లేదు," అంది ఇలోనా. "రోజూ ఇంటిల్లిపాదీ కూర్చుని వింటున్నాం."

ఈసారి అందరూ నవ్వారు, ఎర్నా తప్ప. ఆమె పక్కనున్న మనిషి చెవిలో చెప్పాక ఆమె ఒక్కతే ఆలస్యంగా నవ్వింది. పోనిట్స్ ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు.

"నవ్వండి. ఆ సంచికలో ఏముందో మీకు తెలుసు. ప్రపంచ యుద్ధానికి ముందు కమ్యూనిస్టు పార్టీ చేసిన పనులను ఎండగడుతూ ఏవేవో రాశారు. వాళ్ళ ఇంట్లో వాళ్ళు ఏమైనా మాట్లాడుకోనీండి. మన ఇంట్లోకి మోసుకురావడం దేనికి?"

"నలభై ఏళ్ళుగా వాళ్ళ ఇల్లూ మన ఇల్లూ ఒకటేనని మీరే చెప్పారు," అంది గుద్రున్. "నేను డైరీలో పద్నాలుగేళ్ళుగా రాస్తున్నదీ అదే. వాళ్ళు అచ్చేసింది మైత్రీ సంఘం వాళ్ళం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?"

"ఏది స్నేహమో ఏది కాదో తేల్చేది రఫ్ఫు హాలు కాదు."

"అవతలి స్నేహితుణ్ణి అడిగారా, పోనీ?" అంది ఇలోనా.

పోనిట్స్ ఆమె వైపు తిరగలేదు. సంచిలోంచి ఒక అట్ట ఫైలు తీశాడు. అందులోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీసి, గుద్రున్‌కు కనిపించేలా బల్ల మీద తిప్పి పెట్టాడు. ఏప్రిల్ మైత్రీ రైలు. ఫాల్కెన్‌బాఖ్ జిల్లాకు ఏడు సీట్లు. ఐదో వరుసలో వైస్‌బాఖ్, గుద్రున్. గమ్యం ఇవానొవో. పది రోజులు.

"ఇది ఇంకా నా దగ్గరే ఉంది," అన్నాడు. "శుక్రవారం పైకి పంపాలి. కొత్త డైరీ వస్తే దాంతోపాటే పంపుతాను. ఇలాగే."

"రాకపోతే?"

"ఆరు పేర్లతో పంపుతాను."

*

గుద్రున్ ఐదో వరుస చూస్తూ కూర్చుంది.

మొదటి ఉత్తరంలో జినాయిదా తన గురించి రాసింది తక్కువ. మిల్లు గురించి, పంచవర్ష ప్రణాళిక గురించి రాసింది. గుద్రున్ కూడా అలాగే జవాబిచ్చింది. అలా రాయాలని సంఘం కాగితం ఇచ్చింది మరి. మూడో ఉత్తరం చివర, సంతకం కింద, జినాయిదా ఒక వాక్యం చేర్చింది: మా వాడికి పొంగు, మూడు రాత్రులుగా నిద్ర లేదు, మీ ఊళ్ళో పొంగుకు ఏం చేస్తారు? గుద్రున్ పంచవర్ష ప్రణాళికను వదిలేసి నాలుగు పేజీలు పొంగు గురించి రాసింది. తన రష్యన్ అప్పటినుంచే బాగుపడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని దద్దుర్లు, జ్వరం, కషాయం, అత్తగారు, తాగుబోతు, పింఛను అన్న మాటలు ఆ వరుసలోనే నేర్చుకుంది.

ఈ రెండేళ్ళుగా జినాయిదా ఉత్తరాల్లో అక్షరాలు పెద్దవవుతున్నాయి. ముందు గీతల కాగితంలో గీతకు ఒక వరుస ఉండేది. తర్వాత రెండు గీతలకు ఒక వరుస. శాలువాతో వచ్చిన ఉత్తరంలో పేజీకి ఆరు వరుసలే పట్టాయి. "డాక్టరు నా కళ్ళకు వచ్చే వేసవి దాకా గడువిచ్చాడు గుద్రున్. శాలువా చూసి కాదు, వేళ్ళతో అల్లాను. తప్పులుంటే నువ్వు రఫ్ఫు చేసుకో. ఏప్రిల్‌లో తప్పకుండా రా. ఆ తర్వాత వస్తే నీ గొంతు వింటాను, ముఖం చూడలేను."

ఆ ఉత్తరం సంగతి ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

"రాస్తాను," అంది గుద్రున్.

ఎవరో గ్లాసు కింద పెట్టారు. ఇలోనా తొక్క సగం వలిచిన కమలాపండును పళ్ళెంలోకి తిరిగి వేసేసింది.

"నువ్వా?"

"నేనే."

"ఎనిమిది రోజులు నీ నోటితో చదివావు. ఒక పేరా దగ్గర ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చదివావు. అది సినిమానా?"

"నీకు ఇరవై ఆరేళ్ళు ఇలోనా. నీకు ఇంకా రైళ్ళున్నాయి."

"నాకు ఏ రైలూ వద్దు. అబద్ధానికి సంతకం పెట్టనని రెండేళ్ళు మీ సంఘంలో చేరలేదు. అప్పుడు మీరంతా నన్నెలా చూశారో నాకు గుర్తుంది. నా ఒక్కదాని వల్ల బిరుదు ఊగిసలాడుతోందని టిఫిన్ దగ్గర నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. నువ్వు కూడా కూర్చోలేదు."

"కూర్చోలేదు," అంది గుద్రున్. "నిజమే."

"ఇప్పుడు నువ్వు పెట్టమంటున్నావు అబద్ధానికి సంతకం."

"నేను అడగట్లేదు. నా మటుకు నేను రాస్తానన్నాను."

పోనిట్స్ కలం మూత తీసి ఆమె ముందు పెట్టాడు. అతని ముఖంలో బిగింపు కొంచెం సడలింది. "తెలివైన పని," అన్నాడు. "ఎప్పుడూ తెలివైన మనిషివే గుద్రున్ నువ్వు."

నువ్వు అన్న మాట తిరిగొచ్చింది. గుద్రున్ అది గమనించింది.

*

ఎత్తి రాయడానికి ముందు చివరి పేజీ ఎక్కడ ముగిసిందో చూసుకోవాలి. గుద్రున్ పాత డైరీని వెనక నుంచి తెరిచింది. చివరి ఆకు తెరుచుకోలేదు. దాన్ని వెనక అట్టతో కలిపి పెద్ద ఇనుప క్లిప్పు ఒకటి పెట్టి ఉంది. ఆమె పంపినప్పుడు ఆ క్లిప్పు లేదు.

"అది ఉండనీ," అన్నాడు పోనిట్స్. "ముందు పేజీ చాలు నీకు."

ఆ మాట అతను కొంచెం తొందరగా అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గుద్రున్ పని కన్నాలు వెతకడం. కింద దీపం ఉండే వెలుగు బల్ల మీద బట్ట పరుచుకుంటూ పోతే కన్ను కన్నం దగ్గర దానంతటదే ఆగుతుంది. ఆమె క్లిప్పు నొక్కి తీసేసింది. ఆకు తిప్పింది.

చివరి ఆకు వెనక వైపు జిల్లా అభిప్రాయం రాయడానికి వదిలే చోటు. అక్కడ ఆకుపచ్చ సిరాతో నాలుగు వాక్యాలున్నాయి. ఆమె వాటిని పైకే చదివింది. ఎనిమిది రోజులు పత్రిక చదివిన గొంతుతోనే చదివింది.

"'డైరీ ఆసాంతం శ్రద్ధగా పరిశీలించాను. ముఖ్యంగా ఏడో కార్యక్రమం ఇతర జట్లకు ఆదర్శం. ఇటువంటి పఠనాలు జిల్లా అంతటా జరగాలి. మొదటి బహుమతికి సిఫార్సు చేస్తున్నాను. డిసెంబరు తొమ్మిది. ఎల్. పోనిట్స్.'"

బల్ల ఆ చివర నుంచి ఎర్నా ముందుకు వంగింది.

"ఏమంటాడు?" అంది ఎర్నా.

"మొదటి బహుమతి ఇచ్చాడట!" పక్కనావిడ చెవిలో అరిచింది.

"నే చెప్పలేదూ!"

అప్పుడు నవ్వు లేచింది. ఇందాకటి నవ్వు కాదు. ఆ నవ్వులో ఎవరి కళ్ళూ నవ్వలేదు. పోనిట్స్ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఇప్పుడు చలి నెపం చెల్లదు. అతను లోపలికొచ్చి పది నిమిషాలయింది.

"నువ్వు చదవలేదు," అంది గుద్రున్.

"డిసెంబరులో నా బల్ల మీద నలభై రెండు డైరీలుంటాయి."

"పద్నాలుగేళ్ళు రాశాను. ఒక్కటైనా చదివావా?"

గుద్రున్ లెక్క వేసుకుంది. ఏడాదికొక డైరీ. ఫోటోల అంచులు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి అంటించడం, శీర్షికల కింద ఎర్ర సిరాతో గీతలు కొట్టడం. ఆదివారాలు ఎన్ని పోయాయో. ఆ గీతల కోసం మనవరాలి స్కేలు అరువడిగేది.

"ఇప్పుడెందుకు చదివావు?" అంది.

"పైవాళ్ళు అడిగారు. జనవరిలో ప్రదర్శనకు కావాలన్నారు, మొదటి బహుమతి డైరీ. పంపే ముందు నిన్న తిరగేశాను." అతని గొంతు తగ్గింది. "అది పైకి వెళితే నా పని అయిపోయినట్టే. నీదీ అయిపోయినట్టే గుద్రున్. ఈ పేజీ ఇద్దరి మెడకూ ఒకటే తాడు. సినిమా అని రాసెయ్. నేను కొత్త ఆకు మీద మళ్ళీ అభిప్రాయం రాస్తాను. బహుమతి మీకే ఉంటుంది. రైలూ ఉంటుంది."

"ఒక చిక్కుంది," అంది ఇలోనా.

"మీరు మాట్లాడకండి."

"ఆ పేజీ కింద సగం చదివారా? అది కూడా చదవలేదేమో. గుద్రున్, చదువు."

గుద్రున్ ఆకును ముందువైపుకు తిప్పింది. అక్కడున్నది తన రాతే. "'పఠనం ముగిసిన రోజున ఇలోనా ఫైస్ట్ సంఘంలో చేరింది. చేరడానికి కారణం: పై పఠనం. దీనితో జట్టు సభ్యత్వం నూటికి నూరు.'"

"నేను సినిమా చూసి చేరలేదు," అంది ఇలోనా. "ఆ పేజీ పోతే నేను చేరిన రోజే లేదు. నేను లేకపోతే పదహారుకు పదిహేను. తొంభై మూడు ముప్పావు శాతం. తొంభై మూడు ముప్పావు శాతం మైత్రికి మొదటి బహుమతి ఇస్తారా, కార్యదర్శి గారూ?"

"మీ సంతకం లేకుండా..."

"నా సంతకం మీరు పెడతారా? పెట్టండి. ఆకుపచ్చ సిరా అయితే అందరూ గుర్తుపడతారు."

గుద్రున్ చేతిలో కలం ఉంది. కొత్త డైరీ మొదటి పేజీ తెరిచే ఉంది. ఆమె ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. పోనిట్స్ ఇలోనాను చూశాడు, తర్వాత గుద్రున్‌ను చూశాడు.

"దాన్ని ఒప్పించు," అన్నాడు. "నీ మాట వింటుంది."

"ఒప్పించను."

"ఇప్పుడే రాస్తానన్నావు!"

"నేను రాస్తానన్నాను. దాని చేత అబద్ధం చెప్పిస్తానని అనలేదు."

"గుద్రున్, ఆలోచించు. ఆ ముసలిదానికి ఏప్రిల్ దాటితే..."

అక్కడ ఆగాడు. గుద్రున్ తల ఎత్తింది. జినాయిదా కళ్ళ సంగతి ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఈ బల్ల దాటి ఆ మాట పోలేదు. ఇక ఉన్నది ఉత్తరంలోనే.

"నా ఉత్తరాలు మాత్రం చదువుతావన్న మాట," అంది.

*

పోనిట్స్ లేచి నిలబడ్డాడు. ఆమె వేళ్ళ మధ్య నుంచి తన కలం లాక్కున్నాడు. టైపు చేసిన కాగితం దగ్గరికి జరుపుకుని ఐదో వరుస మీద గీత కొట్టాడు. స్కేలు లేకుండా కొట్టిన గీత. వంకరగా పోయి నాలుగో పేరు చివర కూడా తగిలింది.

"అయిపోయింది, ఫ్రౌ వైస్‌బాఖ్. ఆరు పేర్లు."

టిఫిన్ విరామం ముగిసినట్టు గంట కొట్టింది. వెలుగు బల్లల వైపు ఒక్కరూ లేవలేదు. గుద్రున్ ఆ గీతను కొంతసేపు చూసింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఏప్రిల్ మీద కట్టిన మూటలన్నీ ఎవరో ఒక్కసారిగా దించేసినట్టయింది. ఇక పోవడానికి ఏమీ మిగల్లేదు, భయపడడానికీ అంతే.

ఆప్రాన్ జేబులోంచి తన కలం తీసింది. కొత్త డైరీని పక్కకు నెట్టి, పాతదాన్ని ముందుకు లాక్కుంది. ముప్పై ఒకటో పేజీ అడుగున నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది.

"ఏం చేస్తున్నారు?"

"రాస్తున్నాను. ఏం జరిగినా రాయాలని మీరే నేర్పారు." ఆమె రాస్తూనే పైకి చెప్పింది. "'మైత్రీ కార్యక్రమం, నంబరు ఎనిమిది. డిసెంబరు ఇరవై. జిల్లా కార్యదర్శితో ముఖాముఖి. విషయం: ఏడో కార్యక్రమాన్ని సినిమాగా మార్చడం. జట్టు ఒప్పుకోలేదు. కార్యదర్శి మైత్రీ రైలు జాబితాలో ఐదో పేరు కొట్టేశారు. హాజరు: పద్దెనిమిది.'"

"ఆపండి!"

"హాజరు సరిపోయిందా? మేము పదహారు. మీరూ, హైన్సూ."

"సరిపోయింది," అంది ఇలోనా. సంతకానికి అప్పటికే చెయ్యి చాచింది.

పోనిట్స్ డైరీ అందుకోబోయాడు. ఎర్నా దాని మీద మోచెయ్యి పెట్టింది. ఏం జరుగుతోందో ఆమె సగమే విన్నది. కానీ తడి సిరా మీదికి వచ్చే చెయ్యి ఏదైనా ఆమెకు తెలుసు. "ఆరనీ అబ్బాయ్," అంది. "మరకలు పడతాయి."

అతను ఊరికే పోయి ఉంటే బాగుండేది. టోపీ పెట్టుకున్నాడు, సంచి భుజానికి తగిలించుకున్నాడు, తలుపు దాకా నడిచాడు. అక్కడ వెనక్కి తిరిగాడు. ఆ మాట అనడానికి అతను రాలేదు. కోపంలో వచ్చేసింది.

"రాసుకోండి! బాగా రాసుకోండి! జనవరి పంతొమ్మిదిన ఇవానొవో బృందం ఈ మిల్లుకు వచ్చినప్పుడు ఈ హాలుకు తాళం వేసి ఉంటుందని కూడా రాసుకోండి!"

ఇలోనాకు కలం అందించబోతూ గుద్రున్ ఆగింది.

"ఎవరు వస్తున్నారు?" అంది గుద్రున్.

పోనిట్స్ తలుపు పిడి పట్టుకున్నాడు.

"ఇవానొవో నుంచి ఎవరు వస్తున్నారు?"

జవాబు తలుపు పక్క నుంచి వచ్చింది. ఇంతసేపూ పెదవి విప్పని మేస్త్రీ కూనెర్ట్ నేల చూస్తూ చెప్పాడు. "ఆరుగురు. మొదటి బహుమతి జట్టును చూడ్డానికి. డైరీ అడిగింది అందుకే." ఆగాడు. "నాలుగో పేరు జినాయిదా పావ్లోవ్నా."

గుద్రున్ ఇద్దరి వంకా చూసింది. జనవరిలో జినాయిదా ఇక్కడికి వస్తోంది. అది తెలిసే పోనిట్స్ ఏప్రిల్ రైలు బేరం పెట్టాడు. అది తెలిసే కూనెర్ట్ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నీకెప్పుడు తెలుసు హైన్స్?"

"వారమైంది."

ఆమె తల ఊపింది. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. జనవరి పంతొమ్మిది అని రాసి, తల ఎత్తకుండానే అడిగింది.

"హాలుకు మూడు తలుపులున్నాయి. ఏ తలుపుకు తాళం?"

"మూడింటికీ," అన్నాడు పోనిట్స్.

"'మూడింటికీ,'" అని రాసింది గుద్రున్. వాక్యం పూర్తి చేసి చుక్క పెట్టింది. డైరీని తిప్పి, బల్ల చివరిదాకా, తలుపు వైపుకు జరిపింది. కలం దాని మీద పెట్టింది.

"తాళం వేసేది నువ్వే కదా హైన్స్. ఇక్కడ సంతకం పెట్టు."

కూనెర్ట్ కోటు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. ఆ చెయ్యి కలం వైపు పోలేదు. అందులో మూడు తాళం చెవులున్నాయి. వాటిని డైరీ మీద పెట్టి గుద్రున్ వైపు తోశాడు.